హ్యారీ జెరోమ్ చేతులెత్తేసిన ఆటగాడా?

పాతపరుగు
ఒలింపిక్స్ పరుగు పందేల చరిత్ర మీద ఈ వారం జరిగిన ఒక చర్చలో, చాలా చదువుకున్న ఒక పెద్దమనిషి కెనడా నల్లజాతి స్ప్రింటర్ హ్యారీ జెరోమ్ ప్రస్తావన తెచ్చి, "పెద్ద పందెం వచ్చేసరికి చేతులెత్తేసే రకం" అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. అరవై ఏళ్లు దాటినా ఆనాటి పత్రికలు వేసిన ముద్ర చెరిగిపోలేదంటే నాకు నిజంగా బాధ కలిగింది.

1960 జులై 15న సస్కటూన్‌లో జరిగిన కెనడా ఒలింపిక్ అర్హత పోటీల్లో జెరోమ్ 100 మీటర్లను 10.0 సెకన్లలో పరుగెత్తి, కొద్ది వారాల ముందే జర్మనీకి చెందిన ఆర్మిన్ హారీ నెలకొల్పిన ప్రపంచ రికార్డును సమం చేశారు. అప్పటికి ఆయనకు పంతొమ్మిదేళ్లు. ఆ తర్వాత రోమ్ ఒలింపిక్స్ సెమీఫైనల్‌లో ముందంజలో ఉండగా తొడ వెనుక కండరం పట్టేసి ఆగిపోయారు. 1962 నవంబరులో పెర్త్ కామన్వెల్త్ క్రీడల్లో 100 గజాల ఫైనల్‌లో అందరికంటే చివర వచ్చారు, ఎందుకంటే ఎడమ తొడ ముందు కండరం పూర్తిగా తెగిపోయింది. ఈ రెండు పందేలనే పట్టుకుని సొంత దేశపు పత్రికలు ఆయనను మధ్యలో వదిలేసేవాడని రాశాయి. రెండేళ్ల తర్వాత టోక్యో ఒలింపిక్స్‌లో ఆ కాలితోనే ఆయన కాంస్యం గెలిచారు.

నా ప్రశ్న ఒక్కటే. అదే గాయం ఒక తెల్లజాతి ఆటగాడికి తగిలి ఉంటే, ఆ మాటే అనేవారా?

గోదారిగట్టు
ఈ పేరు నేను వినడం ఇదే మొదటిసారి. జెస్సీ ఓవెన్స్, విల్మా రుడాల్ఫ్, కార్ల్ లూయిస్ గురించి మన పత్రికల ఆదివారం అనుబంధాల్లో ఎన్నోసార్లు చదివాం కానీ, కెనడా అనగానే నాకు మంచు మీద ఆడే హాకీ తప్ప మరేమీ గుర్తుకు రాదు.

ముక్కుసూటి
పాతపరుగు గారి ఆవేదన అర్థమవుతోంది కానీ, ప్రతి విమర్శకూ జాతి వివక్షనే కారణంగా చూపడం సరికాదని నా అభిప్రాయం. కెనడాకు 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో పెర్సీ విలియమ్స్ 100, 200 మీటర్లు రెండింటిలోనూ స్వర్ణాలు తెచ్చిన తర్వాత, అలాంటి రన్నర్ కోసం ఆ దేశం ముప్పై ఏళ్లు ఎదురు చూసింది. అంతగా ఆశలు పెట్టుకున్నప్పుడు నిరాశ కూడా అంతే ఘాటుగా ఉంటుంది. పైగా జెరోమ్ విలేఖరులతో కలివిడిగా ఉండేవారు కాదని, ముభావంగా ఉండటాన్ని వాళ్లు పొగరుగా భావించారని చదివాను. మన దగ్గర ప్రపంచకప్ మ్యాచ్ ఓడిపోతే క్రికెటర్ల ఇళ్ల మీద రాళ్లు వేసినవారు లేరా? అది జాతి వివక్ష కాదు కదా.

వాంకోవర్_వాణి
ముక్కుసూటి గారూ, రాళ్ల మాట మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. జెరోమ్ కుటుంబం 1951లో నార్త్ వాంకోవర్‌కు మారినప్పుడు, వారు తమ వీధిలో ఉండకూడదని ఇరుగుపొరుగువారు సంతకాలు సేకరించారు. ఆయన, ఆయన చెల్లెళ్లు బడికి వెళ్లిన తొలినాళ్లలోనే తోటి పిల్లలు వాళ్ల మీద రాళ్లు రువ్వారని చెల్లెలు వాలరీ జెరోమ్ తర్వాతి కాలంలో చెప్పారు. అప్పటికి హ్యారీ ఏ పందెమూ ఓడిపోలేదు, ఏ విలేఖరితోనూ ముభావంగా ఉండలేదు. ఆయన పదేళ్ల పిల్లవాడు.

ఆయన తండ్రి రైళ్లలో పోర్టరు. ఆ రోజుల్లో కెనడాలో చదువుకున్న నల్లజాతి మగవారికి కూడా స్లీపర్ బోగీల్లో పక్కలు వేయడం, బూట్లు పాలిష్ చేయడం వంటి పనులు తప్ప వేరే ఉద్యోగాలు దొరకడం చాలా కష్టంగా ఉండేది. చాలామంది ప్రయాణికులు వాళ్ల అసలు పేరు అడగకుండా, ఎవరినైనా సరే "జార్జ్" అని పిలిచేవారు.

పరుగుపిచ్చి
తల్లి తరఫు తాత సంగతి కూడా చెప్పాలి. జాన్ ఆర్మీ హోవర్డ్ అనే ఆ తాతగారు 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో కెనడా తరఫున పరుగెత్తారు; కెనడాకు ఆడిన మొట్టమొదటి నల్లజాతి ఒలింపియన్ ఆయనే. చెల్లెలు వాలరీ కూడా 1960లో అన్నతోపాటు రోమ్ జట్టులో ఉన్నారు. అంటే ఒకే ఇంటి నుంచి ముగ్గురు ఒలింపిక్స్‌కు వెళ్లారు. అలాంటి ఇంటి బిడ్డను పట్టుకుని దమ్ము లేదని రాశారు.

గోదారిగట్టు
కెనడా అంటే అమెరికాలా కాదు, అక్కడ అందరినీ సమానంగా చూస్తారని మా పిన్ని కొడుకు టొరంటో వెళ్లేటప్పుడు మేమంతా అనుకున్నాం. వాణి గారు చెప్పింది చదివాక కొంత ఆశ్చర్యంగా ఉంది.

వాంకోవర్_వాణి
ఇప్పటి కెనడా వేరు, ఆనాటి కెనడా వేరు. 1946లో నోవా స్కోషియా రాష్ట్రంలో వయోలా డెస్మండ్ అనే నల్లజాతి వ్యాపారిని, సినిమా హాల్లో తెల్లవాళ్లకు కేటాయించిన వరసలో కూర్చున్నారని అరెస్టు చేశారు. ఇప్పుడు ఆమె బొమ్మ పది డాలర్ల నోటు మీద ఉంది. మన వాళ్ల విషయానికి వస్తే, 1914లో కొమగాటా మారు నౌకలో వచ్చిన 376 మందిని, వాళ్లలో అత్యధికులు పంజాబీలు, ఇదే వాంకోవర్ రేవులో రెండు నెలలు నిలిపి, కొద్దిమందిని తప్ప దిగనివ్వకుండా వెనక్కి పంపారు. వాంకోవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో స్థిరపడిన భారతీయులకు 1947 దాకా ఓటు హక్కు కూడా లేదు. జెరోమ్ పెరిగింది ఆ రాష్ట్రంలోనే, ఆ చట్టాలు మారిన నాలుగేళ్లకే అక్కడికి వెళ్లారు. చట్టం మారినంత వేగంగా వీధులు మారలేదు.

ఫిజియో_రమ్య
గాయం గురించి చర్చ వచ్చింది కాబట్టి నా వృత్తికి సంబంధించిన నాలుగు మాటలు రాస్తాను, కొంచెం పొడవైనా ఓపికగా చదవండి.

రోమ్‌లో జరిగినది హ్యామ్‌స్ట్రింగ్ గాయం. పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు ముందుకు విసిరిన కాలిని నేల తాకే ముందు ఆపవలసిన భారమంతా తొడ వెనుక కండరం మీదే పడుతుంది. ఆ క్షణంలో కండరం సాగుతూనే బిగుసుకోవాలి. అక్కడే అది చిరుగుతుంది. చిరిగిన తర్వాత పట్టుదల ఎంత ఉన్నా మరో పది అడుగులు వేగంగా వేయడం ఎవరి తరమూ కాదు, ఎందుకంటే మెదడు ఆ కండరానికి సంకేతాన్నే తగ్గించేస్తుంది. చూసేవారికి మాత్రం రక్తం కనిపించదు, ఎముక విరిగిన శబ్దం వినిపించదు. మనిషి వేగం తగ్గించి ఆగిపోయినట్టే కనిపిస్తాడు.

పెర్త్‌లో జరిగినది ఇంకా పెద్దది. తొడ ముందు భాగంలో తుంటిని, మోకాలిని రెండింటినీ దాటే ఒక పొడవైన కండరం ఉంటుంది. మోకాలిని పైకి లేపడం, కాలిని చాచడం, ఈ రెండు పనుల్లోనూ దానికి భాగం ఉంది. అది పూర్తిగా తెగితే పైకి ముడుచుకుపోతుంది. ఆపరేషన్ చేసి మళ్లీ దాని స్థానంలో కుట్టవలసి వస్తుంది. జెరోమ్‌కు అదే చేశారు. ఆయన తొడ మీద పొడవైన కుట్ల మచ్చ జీవితాంతం ఉండిపోయింది.

ఎంఆర్ఐ స్కానింగ్ అప్పటికి లేదు. చేతితో నొక్కి చూసి, నొప్పి ఎక్కడుందో అడిగి, రోగి చెప్పినది నమ్మి వైద్యం చేయవలసిన కాలం అది. మరి ఆ రోగి మాటను నమ్మకూడదని ముందే నిర్ణయించుకున్నవారు ఏం రాస్తారో, అదే రాశారు.

ముక్కుసూటి
రమ్య గారి చివరి వాక్యం బలంగా ఉంది. అయినా ఒక సందేహం. పత్రికలు రాసినవాటిలో ఆయన రంగు గురించిన ప్రస్తావన ఉందా, లేక మనం ఇప్పుడు ఊహిస్తున్నామా?

పాతపరుగు
రంగును నేరుగా రాయవలసిన అవసరం వాళ్లకు లేదు. పొగరుబోతు, ముభావి, ఒత్తిడి తట్టుకోలేనివాడు అని రాస్తే చాలు. చదివేవాడి మనసులో అప్పటికే ఉన్న చిత్రం మిగతాది పూర్తి చేస్తుంది. ఒక మనిషి గాయపడ్డానని చెబితే, గాయం కాదు, గుణమే లోపమని తీర్పు ఇవ్వడంలో ఉన్న తేలికతనాన్ని చూడండి. తెగిన కండరాన్ని వైద్యులు కోసి కుట్టిన తర్వాత అయినా ఆ తీర్పును వెనక్కి తీసుకోవలసింది. రోమ్‌లో వేసిన ముద్రనే పెర్త్‌లో మళ్లీ వేశారు, అదీ ఆసుపత్రికి వెళ్లవలసిన మనిషి మీద.

మీరు చెప్పిన క్రికెటర్ల ఉదాహరణలో ఒక తేడా ఉంది. మన క్రికెటర్‌ను ఒక మ్యాచ్‌కు తిడతాం, మరుసటి సెంచరీకి నెత్తిన పెట్టుకుంటాం. జెరోమ్ రోమ్ తర్వాత, 1961లో 100 గజాలను 9.3 సెకన్లలో, 1962లో 9.2 సెకన్లలో పరుగెత్తి రెండుసార్లు ప్రపంచ రికార్డును సమం చేశారు. 100 మీటర్లు, 100 గజాలు రెండింటిలోనూ ప్రపంచ రికార్డు ఒకేసారి ఆయన పేరిట ఉంది. ఇంత చేసినా పెర్త్‌లో ఒక్క పందెం పోగానే పాత మాటే పైకి వచ్చింది.

గుంటూరు200
నా అనుభవం ఒకటి చెప్పాలని ఉంది. నేను ఇంటర్మీడియట్‌లో జిల్లా స్థాయిలో 200 మీటర్లు పరుగెత్తేవాడిని. ఒక మీట్‌లో మలుపు దాటి నిటారు దారిలోకి వచ్చానో లేదో, తొడ వెనుక ఎవరో కర్రతో కొట్టినట్టు అనిపించింది. వెనక్కి తిరిగి చూశాను కూడా, నిజంగా ఎవరో కొట్టారనుకుని. కూలబడిపోయాను. అప్పుడు మా పీఈటీ సారు దగ్గరకు వచ్చి, "వెనకబడ్డావని నాటకాలా? లే!" అన్నారు. మరునాటికి మోకాలి వెనుక దాకా నల్లగా కమిలిపోయింది, అది చూశాక కూడా ఆయన ఆ మాటను వెనక్కి తీసుకోలేదు. మా వాడలో పిల్లలకు ఆటలు ఎందుకని అంతకుముందే ఒకసారి అన్నారు కాబట్టి, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది.

కండరం ఒక సీజన్‌లో మానింది. స్టార్టింగ్ బ్లాక్స్‌లో కూర్చున్న ప్రతిసారీ మాత్రం, నొప్పి వస్తే ఎవరూ నమ్మరన్న భయం గన్ పేలకముందే నన్ను పట్టుకునేది. జెరోమ్ ఆ భయంతో ఒలింపిక్స్ గీత దగ్గర కూర్చున్నారు. అందుకే నాకు టోక్యో కాంస్యం చాలామంది స్వర్ణాలకంటే పెద్దదిగా కనిపిస్తుంది.

పరుగుపిచ్చి
గుంటూరు200 గారూ, మీరు రాసింది చదివి కాసేపు మరేమీ రాయలేకపోయాను.

ఫిజియో_రమ్య
ఎవరో కర్రతో కొట్టినట్టు అనిపించడం హ్యామ్‌స్ట్రింగ్ చిరిగినవారు చెప్పే అచ్చమైన లక్షణం. మీ సారు ఆ ఒక్క మాట వింటే చాలు, అది నాటకం కాదని తెలిసి ఉండేది.

కృష్ణాతీరం
టోక్యో గురించి ఎవరైనా వివరంగా రాస్తారా? అమెరికాకు చెందిన బాబ్ హేస్ గెలిచారని మాత్రం తెలుసు.

పరుగుపిచ్చి
సంతోషంగా రాస్తాను. టోక్యోలోది బూడిద, మట్టి కలిపి అణచిన సిండర్ ట్రాక్. ఒలింపిక్స్‌లో అలాంటి ట్రాక్ మీద జరిగిన చివరి పోటీలు అవే, 1968 మెక్సికో నుంచి సింథటిక్ ట్రాక్ వచ్చింది. సిండర్ మీద బూట్ల అడుగున ఉండే మేకులు (స్పైక్స్) దిగబడి కొంచెం జారుతాయి, ప్రతి అడుగులోనూ తొడ కండరం ఆ జారుడును సరిచేయాలి. కుట్లు వేసిన కాలికి అది ఎంత పరీక్షో ఊహించుకోండి. 100 మీటర్ల ఫైనల్‌లో హేస్ 10.0 సెకన్లతో అందరినీ వెనక్కి నెట్టేశారు. క్యూబాకు చెందిన ఎన్రికే ఫిగెరోలాకు, జెరోమ్‌కు చేతి గడియారాలు ఒకే సమయం, 10.2 చూపించాయి, ఫిగెరోలాకు రజతం, జెరోమ్‌కు కాంస్యం దక్కాయి. 200 మీటర్లలో ఆయన నాలుగో స్థానంలో నిలిచి, కొద్ది తేడాతో రెండో పతకాన్ని పోగొట్టుకున్నారు.

అక్కడితో అయిపోలేదు, నాకు అన్నిటికంటే నచ్చేది తర్వాతి కథ. 1966 జులైలో ఎడ్మంటన్‌లో 100 గజాలు 9.1 సెకన్లు పరుగెత్తి మళ్లీ ప్రపంచ రికార్డును సమం చేశారు. కండరం తెగకముందు ఆయన అత్యుత్తమ సమయం 9.2. అంటే ఆపరేషన్ తర్వాతి కాలు ముందటి కాలికంటే వేగంగా పరుగెత్తింది! ఆ ఏడాదే జమైకాలోని కింగ్‌స్టన్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో 100 గజాల స్వర్ణం, 1967లో విన్నిపెగ్‌లో పాన్ అమెరికన్ క్రీడల్లో 100 మీటర్ల స్వర్ణం గెలిచారు. 1968 మెక్సికోలో ఇరవై ఎనిమిదేళ్ల వయసులో మళ్లీ ఒలింపిక్ ఫైనల్‌కు చేరి ఏడో స్థానంలో నిలిచారు. ఆ ఫైనల్‌లో పరుగెత్తిన ఎనిమిది మందీ నల్లజాతివారే. ఒలింపిక్స్ 100 మీటర్లలో అలా జరగడం అదే మొదటిసారి.

గోదారిగట్టు
పది సెకన్లలో వంద మీటర్లు అని చదివి వినిపిస్తే, తాను పది సెకన్లలో కళ్లజోడు కూడా వెతుక్కోలేనని మా నాన్నగారు నవ్వారు. తర్వాత పెర్త్ భాగం చదివించుకుని, ఆ ఆపరేషన్ అయిన మనిషికి తోడుగా ఎవరు నిలబడ్డారని అడిగారు. ఎవరికైనా తెలుసా?

పాతపరుగు
ఆయన అమెరికాలోని ఆరెగన్ విశ్వవిద్యాలయంలో అథ్లెటిక్స్ స్కాలర్‌షిప్ మీద చదువుకున్నారు. అక్కడి కోచ్ బిల్ బోవర్‌మన్ గాయం తర్వాత కూడా ఆయన మీద నమ్మకం పోగొట్టుకోలేదు. బూట్ల కంపెనీ నైకీకి మూలమైన సంస్థను ఆ తర్వాత ఫిల్ నైట్‌తో కలిసి స్థాపించిన బోవర్‌మన్ ఈయనే. జెరోమ్ 1963 సీజనంతా కాలికి మళ్లీ నడక, ఆ తర్వాత పరుగు నేర్పుకోవడంలోనే గడిపారు. ఆ మధ్యలో చదువును వదలలేదు. 1964లో డిగ్రీ, 1968లో వ్యాయామ విద్యలో మాస్టర్స్ పూర్తి చేశారు. మధ్యలో వదిలేసేవాడన్న మాటకు ఆ పట్టాలు కూడా జవాబే.

కృష్ణాతీరం
ఒక ప్రశ్న. మెక్సికోలోనే అమెరికా నల్లజాతి రన్నర్లు టామీ స్మిత్, జాన్ కార్లోస్ వివక్షకు నిరసనగా పతకాల వేదిక మీద నల్ల చేతితొడుగుల పిడికిళ్లు ఎత్తి ప్రపంచాన్ని కదిలించారు. జెరోమ్ అక్కడే ఉండి కూడా అలాంటిదేమీ చేయలేదు. వివక్షను అంతగా అనుభవించిన మనిషి మౌనంగా ఎందుకు ఉండిపోయారు?

ముక్కుసూటి
నాకూ ఇదే ప్రశ్న ఉంది.

వాంకోవర్_వాణి
మౌనంగా ఉండిపోయారనడం సరికాదు, ఆయన ఎంచుకున్న దారి వేరు. పరుగు మానిన తర్వాత ప్రధాని పియర్ ట్రూడో ప్రభుత్వం ఏర్పాటు చేసిన జాతీయ క్రీడా విభాగంలో చేరి, ఊరూరా తిరిగి బడి పిల్లలకు ఆటలు నేర్పే కార్యక్రమాలు నడిపారు. అక్కడి అధికారుల తీరుతో పొసగక తర్వాత బయటికి వచ్చారు. 1970లలో టీవీ ప్రకటనల్లో, పెద్ద దుకాణాల ప్రచారాల్లో నల్లజాతివారు, ఆసియావారు, ఆదివాసులు ఎందుకు కనిపించరని సంస్థలను నిలదీస్తూ ఉత్తరాలు రాశారు, సమావేశాలు పెట్టారు. ఫొటో తీయడానికి వీలైన పని కాదు అది. ఒక దుకాణం కరపత్రంలో మన పిల్లల ముఖాలు కూడా అచ్చయ్యాయంటే, అలాంటి ఉత్తరాల పుణ్యం కొంత ఉంది.

స్మిత్, కార్లోస్‌ల ధైర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ వాళ్లు అమెరికాలో వేల మంది నల్లజాతి విద్యార్థుల ఉద్యమంలో భాగంగా నిలబడ్డారు. వాంకోవర్‌లో జెరోమ్ పెరిగిన వీధిలో అలాంటి కుటుంబం ఆయనది ఒక్కటే.

ముక్కుసూటి
వాణి గారి చివరి మాట నన్ను ఆలోచింపజేసింది. పత్రికలది వివక్షేనని నిరూపించగల పదం ఒక్కటి చూపలేమన్నది నా పాత అభిప్రాయం, అందులో మార్పు లేదు. అయితే వీధిలో ఒంటరిగా పెరిగిన మనిషి విలేఖరుల గుంపు ముందు ముభావంగా ఉండటాన్ని పొగరు అనడం మాత్రం అన్యాయం.

పాతపరుగు
మనిద్దరం ఇంతవరకు ఒప్పుకుంటే నాకు చాలు.

కృష్ణాతీరం
పెర్త్‌లో ఆ రోజు గెలిచినది ఎవరు? జెరోమ్ చివర వచ్చిన సంగతే అందరూ రాస్తున్నారు.

పరుగుపిచ్చి
మంచి ప్రశ్న అడిగారు. కెన్యాకు చెందిన సెరాఫినో అంటావ్. మొంబాసాలో పుట్టిన గోవా సంతతి మనిషి. ఆ క్రీడల్లో 100, 220 గజాలు రెండూ ఆయనే గెలిచారు. మన దేశపు మూలాలున్న ఒక స్ప్రింటర్ కామన్వెల్త్ స్వర్ణం గెలిచిన పందెంలోనే జెరోమ్ కండరం తెగింది. అంటావ్ విజయానికీ మన పత్రికల్లో దక్కవలసిన చోటు దక్కలేదని నా బాధ, దాని మీద విడిగా చర్చ మొదలుపెడతాను.

గోదారిగట్టు
వాణి గారూ, మీరు ఆ ఊళ్లోనే ఉంటారు కాబట్టి అడుగుతున్నాను. అక్కడివారికి ఇప్పుడైనా ఆయన గుర్తున్నారా?

వాంకోవర్_వాణి
గుర్తున్నారు. స్టాన్లీ పార్కులో సముద్రపు గోడ వెంబడి నడక దారిలో, బ్రాక్టన్ పాయింట్ వైపు, ఆయన నిలువెత్తు కంటే పెద్ద కంచు విగ్రహం ఉంది. 1988లో పెట్టారు. గీత దాటుతున్న క్షణాన్ని శిల్పి పట్టుకున్నారు: ఛాతీ ముందుకు దూసుకువచ్చి ఉంటుంది, చేతులు రెండూ వెనక్కి పోయి ఉంటాయి, ఒంటి బరువంతా ముందుకు వాలి ఉంటుంది. తెలియనివారు పక్క నుంచి సైకిళ్ల మీద వెళ్లిపోతుంటారు. నేను మా అబ్బాయిని తీసుకువెళ్లినప్పుడు వాడు తొడ మీద మచ్చ ఉందేమోనని వెతికాడు.

ఇవి కాక, ఆయన పేరిట ఏటా అంతర్జాతీయ అథ్లెటిక్స్ మీట్ జరుగుతుంది. కెనడాలో నల్లజాతివారి ప్రతిభకు ఇచ్చే పురస్కారాలకు కూడా ఆయన పేరే పెట్టారు. 1971లో బ్రిటిష్ కొలంబియా ఆయనను తన శతాబ్దపు మేటి క్రీడాకారుడిగా ప్రకటించింది. ఆ గౌరవాన్నయినా ఆయన బతికుండగా చూశారు. 1982 డిసెంబరు 7న నలభై రెండేళ్లకే హఠాత్తుగా చనిపోయారు.

గుంటూరు200
నలభై రెండేళ్లేనా. ఇంకా ఎంతో చేయగలిగిన వయసు.

కృష్ణాతీరం
నేను ఒక గురుకుల పాఠశాలలో పిల్లలకు అథ్లెటిక్స్ నేర్పుతాను. మా పిల్లల్లో ఎక్కువ మంది కూలి చేసుకునే ఇళ్ల నుంచి వస్తారు, నొప్పి వచ్చినా నోరు విప్పరు. విప్పితే జట్టులోంచి తీసేస్తారని వాళ్ల భయం. గుంటూరు200 గారి మాటలు, రమ్య గారి వివరణ రెండూ మా పిల్లలకు చదివి వినిపించాను. ఆ వెంటనే ఇద్దరు అమ్మాయిలు వచ్చి తమకు తొడ వెనుక పట్టేస్తోందని చెప్పారు. రమ్య గారూ, స్కానింగ్ అందుబాటులో లేని చోట ఏది మామూలు పట్టేయడమో, ఏది చిరగడమో మాలాంటివాళ్లం ఎలా తెలుసుకోవాలి?

ఫిజియో_రమ్య
బోర్లా పడుకోబెట్టి మోకాలు మడవమనండి. మీ అరచేతితో మడమను మెల్లగా అడ్డుకోండి. రెండో కాలితో పోలిస్తే బలం బాగా తగ్గినా, ఒకే చోట వేలు పెట్టగానే నొప్పితో ముడుచుకున్నా, కమిలిన గుర్తు కనిపించినా అది చిరిగిందనే అనుకుని పరుగు ఆపించి డాక్టరుకు చూపించండి. మామూలు పట్టేయడమైతే సాగదీసి విశ్రాంతి ఇస్తే కాసేపట్లో తగ్గుతుంది. ఆ ఇద్దరు అమ్మాయిలకు నొప్పి ఎప్పుడు మొదలైందో, పరుగులో ఏ దశలో వస్తోందో అడిగి ఇక్కడ రాయండి, రాత్రికి చూసి జవాబిస్తాను.